బెంగపడితే చిక్కుతామా, లావెక్కుతామా?

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోట ఉన్న ఇంట్లో ఏడాది పొడుగునా ఏదో ఒక బెంగ ఉంటుంది. డిసెంబరులో పూత వస్తుందా రాదా అని, జనవరిలో తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఆ తర్వాత పిందె నిలుస్తుందా రాలుతుందా అని, ఏప్రిల్ దాటితే ఈదురుగాలి. తోటను గుత్తకు తీసుకున్నవాడికైతే ఇది రెట్టింపు. పూత చూసి డబ్బు కట్టేస్తాడు, కాయకు పలికే ధర మాత్రం కోతకొస్తేగానీ తెలియదు. ఈ బెంగ ఒంటికి ఏం చేస్తుందని ఊళ్లో అడగండి, రెండు జవాబులు వస్తాయి. ఒకరి గురించి ‘దిగులుతో సగమైపోయాడు’ అంటారు. ఇంకొకరి గురించి ‘టెన్షన్లతో పొట్ట పెరిగింది, షుగరు కూడా వచ్చింది’ అంటారు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే తోటను పంచుకున్న అన్నదమ్ములు.

శరీరధర్మ శాస్త్రం కూడా నూరేళ్లకు పైగా ఈ రెండు జవాబుల మధ్యే తిరుగుతోంది. ఇప్పటిదాకా పోగైన పరిశోధనలు చదివితే నాకు అర్థమైంది ఇది: ఇద్దరి విషయంలోనూ ఊరివాళ్లు చెప్పింది నిజమే. బెంగ ఎంతకాలం సాగింది, అది మొదలయ్యేనాటికి ఒంట్లో ఎంత కొవ్వుంది, ఎదురుగా కంచంలో ఏముంది అన్న మూడింటిని బట్టి ఒకే హార్మోను ఒకరిని చిక్కిస్తుంది, మరొకరిని లావెక్కిస్తుంది. అయితే ఈ మూడింటిలో ఏది ఎంత అన్న లెక్క మాత్రం మనుషుల్లో ఇంకా సరిగ్గా తేలలేదు. తేలినట్టు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

ముందు తక్షణ సంగతి. మే నెలలో ఓ సాయంత్రం గాలి లేస్తుంది. ఇంకో వారంలో కోయాల్సిన బంగినపల్లి కాయ టపటపా రాలుతుంటే ఆ చప్పుడు ఇంట్లోకి వినపడుతుంది. రాలిన కాయ దెబ్బతింటుంది, సొన కారి తొక్క మచ్చపడుతుంది, మర్నాడు దానికి మార్కెట్లో దక్కేది ఊరగాయ ధర కూడా కాదు. ఆ రాత్రి వడ్డించిన అన్నం కంచంలోనే ఉండిపోతుంది. నోరు తడారిపోయి ముద్ద దిగదు. కొందరికి కడుపులో తిప్పినట్టయి రెండుసార్లు దొడ్డికి పరుగెత్తాల్సి వస్తుంది కూడా.

ఇందులో ఏదీ మనసు బలహీనత కాదు. మెదడు అడుగుభాగాన ఉండే హైపోథలామస్ ప్రమాదాన్ని పసిగట్టిన వెంటనే రెండు దారుల్లో కబురు పంపుతుంది. ఒకటి నరాల దారి. క్షణాల్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. రెండోది రసాయనాల దారి. హైపోథలామస్ నుంచి సీఆర్‌హెచ్ అనే చిన్న ప్రోటీను బయల్దేరి పిట్యూటరీ గ్రంథిని తడుతుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్‌ను వదులుతుంది. అది మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ తయారు చేయిస్తుంది. నలభై ఒక్క అమైనో ఆమ్లాల ఈ సీఆర్‌హెచ్‌ను 1981లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో వైలీ వేల్ బృందం విడదీసి చూపించింది. దాన్ని ఎలుకల మెదడులోకి ఎక్కించి చూస్తే, పిట్యూటరీని తట్టడమే కాక అది ఇంకో పని కూడా చేస్తుందని బయటపడింది: ఎలుకలు తిండి మానేశాయి. జీర్ణాశయం ఖాళీ కావడం మందగించింది, పెద్దపేగు కదలికలు మాత్రం జోరందుకున్నాయి. గాలివాన రాత్రి ముద్ద దిగకపోవడానికీ, దొడ్డికి పరుగులకీ కారణం ఇదే.

జీర్ణాశయం సంగతిని వాల్టర్ కానన్ చాలా ముందే కళ్లారా చూశాడు. ఎక్స్‌రేలు కొత్తగా వచ్చిన రోజుల్లో హార్వర్డ్‌లో పిల్లుల చేత లోహలవణం కలిపిన తిండి తినిపించి కడుపు కదలికలు గమనిస్తుంటే, పిల్లి బెదిరినప్పుడల్లా ఆ కదలికలు ఆగిపోయాయి. ఆకలి, భయం, కోపం వచ్చినప్పుడు ఒంట్లో జరిగే మార్పుల మీద 1915లో ఆయన పుస్తకమే రాశాడు. మన భీమవరం వాడైన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో చేరింది ఆ హార్వర్డ్ వైద్య కళాశాలలోనే. కానన్ శరీరధర్మ శాస్త్ర విభాగంలో, సుబ్బారావు సైరస్ ఫిస్క్‌తో కలిసి జీవరసాయన విభాగంలో. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పినవాళ్లలో సుబ్బారావు ఒకడు. భయం శక్తిని ఎలా పిలుస్తుందో ఒక విభాగంలో, ఆ శక్తి ఏ రూపంలో ఖర్చవుతుందో పక్క విభాగంలో ఒకే కాలంలో తేలుతుండటం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

సీఆర్‌హెచ్ ప్రభావం గంటల్లో తగ్గుతుంది. కార్టిసాల్ అంత తొందరగా పోదు. హాన్స్ సెల్యే 1936లో ‘నేచర్’ పత్రికలో ఒక పేజీ కూడా నిండని ఉత్తరం రాశాడు. చలి, గాయం, విషం, అతిశ్రమ, ఎలుకను ఏ రకంగా హింసించినా అడ్రినల్ గ్రంథులు ఒకే తీరుగా ఉబ్బుతున్నాయని అందులో చెప్పాడు. ఆ గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ మెదడుకు తిరిగి చేరి ‘ఇక చాలు’ అని సీఆర్‌హెచ్‌ను అణుస్తుంది. అంతటితో ఆగకుండా హైపోథలామస్‌లోనే ఆకలిని రేపే ఎన్‌పీవై, ఏజీఆర్‌పీ అనే రసాయనాలను పెంచుతుంది. కడుపు నిండిందని కొవ్వు కణాలు లెప్టిన్ ద్వారా పంపే కబురును మెదడు సరిగ్గా వినకుండా కూడా చేస్తుంది. మొదట ఆకలి చచ్చిపోవడం, తర్వాత ఆవురావురుమనడం రెండూ ఒకే గొలుసులోని లింకులు. ప్రమాదంలో పరుగెత్తిన జంతువు ప్రమాదం గడిచాక ఖర్చయింది పూడ్చుకోవాలిగా.

కార్టిసాల్‌కు ఆకలితో ఉన్న సంబంధానికి రెండు జబ్బులే సాక్ష్యం. అడ్రినల్ గ్రంథులు చెడిపోయే అడిసన్ జబ్బులో మనిషి ఆకలి పోయి శల్యమైపోతాడు. కార్టిసాల్ మోతాదు మించే కుషింగ్ జబ్బులో ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట ముందుకొస్తుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి, షుగరు వస్తుంది.

మరి కార్టిసాల్ అంటే లావెక్కించే హార్మోనేనా? అంత సులువుగా అనేయడానికి వీల్లేకుండా చేసిన పరిశోధన మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఒత్తిడి మీద వచ్చే వ్యాసాల్లో దాన్ని ఎవరూ తలచుకోకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 1960లలో అక్కడి వార్డుల్లో రెండు రకాల పసిపిల్లలు ఉండేవాళ్లు. ఒళ్లు నీరుపట్టి, జుట్టు రంగు మారి, మూలుగుతూ అన్నం ముట్టని క్వాషియార్కర్ పిల్లలు ఒక రకం. ఎముకల మీద తోలు మాత్రమే మిగిలి, ముసలి ముఖంతో, ఆకలి మాత్రం ఉండే మరాస్మస్ పిల్లలు మరో రకం. మొదటిది ప్రోటీను లోపం, రెండోది మొత్తం తిండి లోపం అని ప్రపంచమంతా పాఠం చెప్పేది. ఆ సంస్థ పరిశోధకుడు గోపాలన్ ఆ పిల్లలు వచ్చిన ఊళ్ల తిండి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. అదే ఇల్లు, అదే జావ. తేడా తిండిలో లేదు, కరువుకు ఒళ్లు సర్దుకునే తీరులో ఉందని ఆయన ప్రతిపాదించాడు.

సర్దుకోవడమంటే ఏమిటో అక్కడే కమల జయరావు, శ్రీకంఠయ్య, గోపాలన్ ఆ పిల్లల రక్తంలో వెతికారు. 1968లో వాళ్లు అచ్చువేసిన ఫలితాల ప్రకారం, తిండి లేని పిల్లల్లో కార్టిసాల్ ఎక్కువగా ఉంది, మరాస్మస్ పిల్లల్లో మరీ ఎక్కువ. 1974లో ‘లాన్సెట్’లో కమల జయరావు ఈ దారాన్ని పూర్తిగా అల్లారు. కార్టిసాల్ కండను కరిగించి ఆ అమైనో ఆమ్లాలను కాలేయానికి పంపుతుంది, కాలేయం వాటితో రక్తానికి కావాల్సిన ఆల్బుమిన్ తయారు చేస్తుంది, అందుకే మరాస్మస్ బిడ్డ ఒళ్లు ఉబ్బదు. ఇల్లు నిలబెట్టుకోవడానికి దూలాలమ్మి అప్పు తీర్చడం లాంటి పని అది, కానీ ప్రాణం నిలుస్తుంది. ఆ సర్దుబాటు విఫలమైన బిడ్డకు క్వాషియార్కర్ వస్తుంది. ఈ సిద్ధాంతాన్ని తర్వాత చాలామంది కాదన్నారు. కొందరు ఫ్రీ రాడికల్స్ అన్నారు, ఇంకొందరు పేగులోని సూక్ష్మజీవులను ముందుకు తెచ్చారు. క్వాషియార్కర్ చిక్కుముడి నేటికీ పూర్తిగా వీడలేదు. కానీ మనకు కావాల్సిన సంగతి అందులో తేలింది. ఒంట్లో నిల్వలు లేక, తిండీ రాక, ఇన్సులిన్ అడుగంటిన స్థితిలో కార్టిసాల్ మనిషిని చిక్కిస్తూనే బతికిస్తుంది.

అదే కార్టిసాల్ కడుపు నిండిన మనిషిలో వేరే పని చేస్తుంది. కాలేయం గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. పరుగెత్తే పనేమీ లేదు, కుర్చీలో కూర్చుని ఫోన్లో ధరలు చూస్తున్నాడు, కాబట్టి ఆ గ్లూకోజు ఖర్చు కాదు. దాన్ని అదుపు చేయడానికి ఇన్సులిన్ పెరుగుతుంది. కార్టిసాల్, ఇన్సులిన్ రెండూ ఎక్కువగా ఉన్నచోట కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది, ఎందుకంటే అక్కడి కొవ్వు కణాలకు కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలు ఎక్కువ. పైగా కొవ్వు కణాలు తమంతట తామే కార్టిసాల్ తయారు చేసుకోగలవు. పనికిరాని కార్టిసోన్‌ను కార్టిసాల్‌గా మార్చే ఎంజైము వాటిలో ఉంది. ఆ ఎంజైమును కొవ్వులో మాత్రమే ఎక్కువ చేసిన ఎలుకలకు రక్తంలో కార్టిసాల్ పెరగకుండానే పొట్ట, షుగరు వచ్చాయని 2001లో తేలింది. దాన్ని అడ్డుకునే మాత్రలతో డయాబెటిస్ పని పడదామని మందుల కంపెనీలు సంబరపడ్డాయి. మనుషుల్లో షుగరు తగ్గింది గానీ బజారులోకి తెచ్చేంతగా తగ్గలేదు.

ఇక కంచం సంగతి. కాలిఫోర్నియాలో మేరీ డాల్మన్ దశాబ్దాలపాటు ఎలుకల ఒత్తిడిని చదివారు. మామూలు దాణా మాత్రమే ఉంటే ఒత్తిడికి గురైన ఎలుక చిక్కుతుంది. పక్కన పంచదార నీళ్లు, కొవ్వు పెడితే అదే ఎలుక వాటిమీద పడుతుంది. అంతేకాదు, అవి తిన్న తర్వాత హైపోథలామస్‌లో సీఆర్‌హెచ్ తగ్గుతుంది. అంటే తీపి నిజంగానే ఉపశమనం ఇస్తోంది. 2003లో ఆమె బృందం ఈ వాదన ప్రచురించాక పత్రికలన్నీ దాన్ని ఎత్తుకున్నాయి. అప్పు లెక్కలు చూసిన రాత్రి బూందీ పొట్లం ఖాళీ అయ్యేది తిండిపోతుతనం వల్ల కాదని చెప్పుకోవడానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు. ఎలుక ఆధారం, అంతే.

మనుషుల దగ్గరికొస్తే నేల జారుడుగా ఉంటుంది. 2001లో ఎలిసా ఎపెల్ యాభై తొమ్మిది మంది స్త్రీలను ప్రయోగశాలలో ఒత్తిడికి గురిచేసి చూస్తే, కార్టిసాల్ బాగా పెరిగినవాళ్లు ఆ రోజు ఎక్కువ తిన్నారు, అందులోనూ తీపి. 2006లో వచ్చిన రెండు అధ్యయనాలు లండన్ ప్రభుత్వోద్యోగులవి. ఏళ్ల తరబడి పని ఒత్తిడి అనుభవించినవాళ్లకు పొట్ట, రక్తపోటు, షుగరు, కొవ్వుల సమస్యలు కలగలిసి వచ్చే అవకాశం రెట్టింపు దాటిందని ఒకటి చెప్పింది. ఊరివాళ్ల రెండు జవాబులకూ చోటిచ్చింది మాత్రం రెండోది, మికా కివిమాకి బృందానిది. ఐదేళ్లు గమనిస్తే, మొదటినుంచీ సన్నగా ఉన్న మగవాళ్లు ఒత్తిడిలో ఇంకా బరువు తగ్గారు, మొదట్లోనే లావుగా ఉన్నవాళ్లు ఇంకా పెరిగారు. అందరినీ కలిపి సగటు తీస్తే ఒత్తిడికీ బరువుకూ సంబంధమే లేనట్టు కనిపిస్తుంది. ఈ రంగంలో సగటులను నమ్మకూడదన్నది నేను ఆ వ్యాసం నుంచి నేర్చుకున్నాను.

ఇదంతా నూజివీడు చుట్టుపక్కల ఎంతవరకు వర్తిస్తుంది? 2006లో అచ్చైన ఉభయ గోదావరి జిల్లాల పల్లెల సర్వేలో ముప్పై దాటినవాళ్లలో సుమారు 13 శాతానికి డయాబెటిస్ ఉన్నట్టు తేలింది. అది పట్నాల జబ్బని అప్పటిదాకా అనుకున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. అదే ప్రాంతంలో 45 ఊళ్ల మరణాలను లెక్కగట్టిన మరో అధ్యయనంలో దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవి. గాయాలు, ప్రమాదాలు వంటి వాటివల్ల పోయినవాళ్లలో మూడోవంతు తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. జీవక్రియ జబ్బులూ మానసిక వేదనా ఆ ఊళ్లలో పక్కపక్కనే ఉన్నాయని ఇవి చెబుతాయి. ఒకటి రెండోదానికి కారణమని చెప్పవు. మైసూరులో జరిగి 2003లో అచ్చైన అధ్యయనంలో ఉదయం కార్టిసాల్ ఎక్కువున్నవాళ్లకు రక్తపోటు, గ్లూకోజు కూడా ఎక్కువగా కనిపించాయి, అదీ లావుగా ఉన్నవాళ్లలో ప్రస్ఫుటంగా. ఇది కూడా ఒక రోజు తీసిన ఫొటోయే.

పల్లెల్లో షుగరుకు ఒత్తిడి ఒక్కదాన్నే నిందిస్తే మిగతా నేరస్థులు తప్పించుకుంటారు. మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం ఉంది, కాళ్లకు బదులు బైకు ఉంది. తోటల్లో కొట్టే మందుల సంగతీ ఉంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులను పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు పుట్టే పదార్థాలు కాలేయంలో గ్లూకోజు తయారీని పెంచుతాయని తమిళనాడు పరిశోధకులు 2017లో చూపారు. పూత నుంచి కోత దాకా పిచికారీ చేసేవాడి ఒంట్లో ఒత్తిడి వాటా ఎంతో, మందు వాటా ఎంతో విడదీయడం కష్టం.

నిద్ర సంగతి కాస్త తేటగా ఉంది. సీజన్‌లో తోట కాపలా, రాత్రిపూట లారీ లోడింగు, తెల్లవారకముందే మార్కెట్‌కు పరుగు, అన్నీ కలిసి రెండు నెలలు నిద్ర నాలుగైదు గంటలే. కార్టిసాల్ మామూలుగా తెల్లవారుజామున శిఖరానికి చేరి అర్ధరాత్రికి అడుక్కి దిగాలి. పదకొండు మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే సాయంత్రపు కార్టిసాల్ పెరిగి, గ్లూకోజును అదుపు చేసే శక్తి తగ్గిందని 1999లో ఈవ్ వాన్ కాటర్ బృందం చూపింది. సంఖ్య చిన్నదే, కానీ తర్వాత వచ్చిన ప్రయోగాలూ చాలావరకు అటే మొగ్గాయి.

మనుషుల్లో అన్నిటికంటే గట్టి రుజువు కోసం ప్రయోగశాలకు పోనక్కర్లేదు, మందుల షాపు చాలు. కీళ్లనొప్పులకు, ఆయాసానికి, ఒంటి దురదలకు ఇచ్చే డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ చేసేది కార్టిసాల్ పనే, ఇంకా బలంగా. సూది వేస్తే గంటలో లేచి తిరుగుతారు, ఆకలి పుంజుకుంటుంది, ‘చెయ్యి మంచిది’ అని పేరొస్తుంది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు బయటపడుతుంది. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులను డెక్సామెథసోన్ కాపాడుతుందని 2020 జూన్‌లో తేలింది. మరుసటి ఏడాది అవసరం లేనివాళ్లకు కూడా ఇష్టమొచ్చినట్టు వాడారు. షుగరు అదుపు తప్పినవాళ్లను బ్లాక్ ఫంగస్ ఎలా పట్టుకుందో మనం చూశాం. ఇంటర్నెట్‌లో అమ్మే ‘కార్టిసాల్ తగ్గించే’ పొడులకు మాత్రం ఇంతటి రుజువులో ఆవగింజంత కూడా లేదు. సీజన్‌లో డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఏమైనా సూదులు వేయించుకుంటున్నారా’ అన్నదే అని నా అభిప్రాయం.

మామిడిపండు మీద పడే నింద గురించి రెండు ముక్కలు. వంద గ్రాముల పండులో ఉండే చక్కెర పద్నాలుగు, పదిహేను గ్రాములు. కడుపునిండా అన్నం తిన్నాక రెండు పెద్ద రసాలు పిండుకుంటే ఎవరికైనా ఎక్కువే, అన్నం తగ్గించి ఒక ముక్క తింటే కాదు. ఇందులో ఒత్తిడికి పెద్దగా పని లేదు.

ఇక చేయాల్సిన పరిశోధన సంగతి. పంట చేతికి రాకముందు, వచ్చాక అదే రైతు ఎలా ఉంటాడో చూసిన మంచి అధ్యయనం ఒకటి తమిళనాడు చెరకు రైతులది, 2013లో అచ్చైంది. కోతకు ముందు వాళ్ల ఆలోచనా వేగం తగ్గింది, గుండె వేగం, రక్తపోటు కాస్త పెరిగాయి. ఫ్యాక్టరీ చెరకు కోతలను నెలల తరబడి విడతలుగా జరిపిస్తుంది కాబట్టి, ఒకే నెలలో కోత అయినవాళ్లూ కానివాళ్లూ దొరికారు. కెన్యాలో వానలు తగ్గినప్పుడు పేద రైతుల లాలాజలంలో కార్టిసాల్ పెరిగింది, సేద్యం తప్ప వేరే ఆధారం లేనివాళ్లలో మరీ ఎక్కువ. ఈ రెండిట్లోనూ నడుము చుట్టుకొలత గానీ, మూడు నెలల షుగరు గానీ అసలు ప్రశ్న కాదు.

మామిడికి చెరకు సౌకర్యం లేదు. కోతలన్నీ ఒకేసారి, మండుటెండలో, నిద్రలేని రాత్రుల్లో, పండు తినే రోజుల్లో. అయినా నూజివీడులో ఇంకో సౌకర్యం ఉంది. పూత మీదే తోటను గుత్తకిచ్చి డబ్బు చేతపట్టుకున్న యజమాని, ఆ గాలీ ధరా తన నెత్తికెత్తుకున్న గుత్తదారు ఒకే ఊళ్లో ఉంటారు. అదే ఎండ, అదే తిండి, నష్టభయం మాత్రం చేతులు మారింది. వాళ్లిద్దరినీ జనవరిలో ఒకసారి, లెక్కలు తేలిన జూలైలో ఒకసారి చూడాలి. నడుముకు టేపు, మూడు నెలల షుగరు పరీక్ష, తలవెంట్రుకల్లో కార్టిసాల్. ఒక రక్తపు చుక్క ఆ గంట సంగతే చెబుతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి కుదురు దగ్గరి మూడు సెంటీమీటర్లు మూడు నెలల చరిత్ర. ఇంగ్లండ్‌లో 2,500 మందికి పైగా పెద్దవాళ్ల వెంట్రుకలు చూసిన 2017 అధ్యయనంలో కార్టిసాల్ ఎక్కువున్నవాళ్ల నడుమూ పెద్దదిగానే ఉంది. అయితే లావు వల్ల కార్టిసాల్ పెరిగిందా, కార్టిసాల్ వల్ల లావా అన్నది దాంతో తేలదు. జనవరి, జూలై రెండూ ఉంటే తేలే అవకాశముంది.

పరిశోధకులు ఊళ్లోకి దిగేముందు రెండు సంగతులు చూసుకోవాలి. జుట్టుకు రంగు వేస్తే అందులోని కార్టిసాల్ కొంత పోతుంది, మనవాళ్లలో రంగు వేయనివాళ్లు తక్కువ. ఇక రెండోది, గాలీవానా తప్పించుకుని పంట బాగా అమ్ముడుపోతే ద్వారకా తిరుమల వెళ్లి గుండు చేయించుకుంటామని మొక్కుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల వెంట్రుకలు కావాలంటే మొక్కు తీరకముందే, జూన్ మధ్యలోనే ఇంటికెళ్లి కత్తిరించుకోవాలి.